వ్యర్థం వెళ్లే వాకిలి

వర్షాకాలంలో బైలదిల్లా శిఖరాలు మేఘాలలో మునిగి, శంఖిని, డంకిని నదులు ఎర్రనీటితో పొంగే రోజులలో, బస్తర్ ప్రాంతంలో ఉద్యోగం చేసే మన సోదరులకు, వారి కుటుంబాలకు మలేరియా అనే మాట వినని వారం ఉండదు. దోమతెరలు, మందు పిచికారీ, నిలువనీటి తొలగింపు వంటి జాగ్రత్తలను ఆరోగ్య సిబ్బంది తరచుగా చెబుతూనే ఉన్నారు. వాటినే తిరిగి చెప్పడం మా ఉద్దేశం కాదు. మలేరియా క్రిమి మన రక్తకణంలో చేరి ఏమి తింటున్నది, ఏమి పారబోస్తున్నది, పారబోసినది ఏ దారిన బయటకు పోతున్నది అనే ప్రశ్నలను ఈసారి పరిశీలిద్దాము. జ్వరం వచ్చిన బిడ్డను ఎంత త్వరగా పరీక్షకు తీసుకువెళ్లాలో కూడా వీటి సమాధానాలలోనే ఉన్నది.

గనిలో, కర్మాగారంలో పనిచేసేవారికి ఒక సత్యం అనుభవపూర్వకంగా తెలుసు. ఉత్పత్తి ఎంత ఘనంగా ఉన్నా, వ్యర్థం బయటకు పోయే దారి మూసుకుంటే మొత్తం వ్యవస్థ ఆగిపోతుంది. కన్వేయర్ల వరుసలో చివరి బెల్టు నిలిచిపోతే, దాని వెనుకనున్న బెల్టులన్నీ వాటంతట అవే ఆగేటట్లు ఇంటర్‌లాక్ అమర్చడం ఇందువల్లనే. అట్లు అమర్చకపోతే ఖనిజం గుట్టపడి యంత్రాలే దెబ్బతింటాయి. వరుసను తిరిగి నడిపేటప్పుడు కూడా చివరి బెల్టును ముందుగా నడిపి, తరువాత వెనుకకు వస్తాము. జీవకణానికి కూడా ఈ నియమం వర్తిస్తుంది. అయితే కణం పారబోయవలసిన పదార్థాలలో చాలా భాగం దాని గోడను స్వయంగా దాటలేనివి. అసలు కథ అక్కడ మొదలవుతున్నది.

నూనె గోడ, ఆవేశం గల అణువు

ప్రతి జీవకణాన్ని ఒక పలుచని త్వచం ఆవరించి ఉంటుంది. దీని మందం సుమారు 5 నానోమీటర్లు. అటువంటి త్వచాలను 2 లక్షలు ఒకదానిపై ఒకటి పేర్చితే గాని ఒక మిల్లీమీటరు మందం రాదు. ఇది ప్రధానంగా కొవ్వు అణువుల జంట పొర. నూనెలో ఉప్పు కరగదని మన గృహిణులందరికీ తెలుసు. ఉప్పు నీటిలో కరిగినప్పుడు ధనావేశం, ఋణావేశం గల అయాన్లుగా విడిపోతుంది. ఆవేశం గల కణికకు నీటితోనే స్నేహం, నూనెతో వైరం. అందువల్ల అయాన్లు కొవ్వు త్వచాన్ని దాటడం దాదాపు అసాధ్యం.

ఋణావేశం గల అయాన్లను ఆనయాన్లు అంటారు. వీటిలో కర్బనం ఆధారంగా నిర్మితమైనవి కర్బన ఆనయాన్లు. పేరు కొత్తగా తోచినా ఇవి మన వంటింటి చుట్టాలే. నిమ్మకాయలోని సిట్రేట్, బస్తర్ అడవులలో విరివిగా లభించే చింతపండులోని టార్ట్రేట్, పెరుగు పులుపుకు కారణమైన లాక్టేట్ ఈ వర్గానికి చెందినవే. మన శరీరంలో తయారయ్యే యూరేట్, తలనొప్పికి వేసుకునే ఆస్పిరిన్ నుంచి ఏర్పడే సాలిసిలేట్ కూడా ఇటువంటివే. కణాలు వీటిని లోపలికి తీసుకోవాలన్నా, బయటకు పంపాలన్నా త్వచంలో ప్రత్యేకమైన వాకిళ్లు కావాలి. ఆ వాకిళ్లే వాహక ప్రోటీన్లు.

లాక్టేట్ విషయమే చూద్దాము. లాక్టికామ్లం అణువుకు ఆవేశం లేదు గనుక అది కొంతవరకు త్వచాన్ని దాటగలదు. కాని రక్తానికి, కణద్రవానికి దగ్గరగా ఉండే 7.2 పి.హెచ్. వద్ద ఈ ఆమ్లం దాదాపు పూర్తిగా విడిపోతుంది. లెక్క వేసి చూస్తే సుమారు 2,200 లాక్టేట్ ఆనయాన్లకు ఒక్క లాక్టికామ్ల అణువు మాత్రమే మిగులుతుంది. రెండువేల మంది ఉన్న కాలనీలో ఒక్కరి దగ్గర మాత్రమే గేటు పాసు ఉన్నట్లు! పనివేగం తక్కువగా ఉన్న కణానికి ఇది కొంత సరిపోవచ్చు గాని, రేయింబవళ్లు లాక్టేట్ తయారు చేసే కణానికి వాకిలి తప్పనిసరి.

చక్కెర నుంచి శక్తి

లాక్టేట్ ఎందుకు తయారవుతుంది? కణం గ్లూకోజును విడగొట్టి శక్తిని పొందుతుంది. ఆ శక్తి ఎ.టి.పి. అనే అణువు రూపంలో వాడకానికి వస్తుంది. ఈ విషయాన్ని తలచినప్పుడు తెలుగువారైన మనకు గర్వకారణమైన ఒక పేరు గుర్తుకు రావాలి. 1895లో భీమవరంలో జన్మించిన ఎల్లాప్రగడ సుబ్బారావు గారు అమెరికాలోని హార్వర్డు విశ్వవిద్యాలయంలో సైరస్ ఫిస్క్‌తో కలిసి 1927లో ఫాస్ఫోక్రియాటిన్‌ను, 1929లో ఎ.టి.పి.ని కండరంలో కనుగొన్నారు. అదే కాలంలో జర్మనీలో కార్ల్ లోమన్ కూడా స్వతంత్రంగా ఎ.టి.పి.ని కనుగొన్నారు. కండరం ముడుచుకోవడానికి లాక్టికామ్లం ఏర్పడటమే మూలకారణమని అంతవరకు శాస్త్రజ్ఞులు భావించేవారు. కండరాలలో ఉష్ణాన్ని, లాక్టికామ్లాన్ని గురించి పరిశోధించిన హిల్, మేయర్‌హోఫ్‌లకు 1922 సంవత్సరపు నోబెల్ బహుమతి లభించినది కూడా. సుబ్బారావు గారి పరిశోధనల తరువాత ఆ అభిప్రాయం మారినది. శక్తిని అందించే నాణెం ఫాస్ఫేటు బంధమనీ, లాక్టేట్ ఆ నాణెం ముద్రించే క్రమంలో మిగిలే పదార్థమనీ క్రమంగా స్పష్టమైనది.

ఆక్సిజన్ సహాయంతో గ్లూకోజును పూర్తిగా దహిస్తే ఒక అణువుకు సుమారు 30 ఎ.టి.పి.లు లభిస్తాయి. ఆక్సిజన్ లేకుండా సగంలోనే ఆపివేస్తే లభించేవి 2 మాత్రమే. మిగిలేవి 2 లాక్టేట్‌లు, వాటితో పాటు 2 ప్రోటాన్లు, అనగా ఆమ్లత్వం. పరుగు పందెంలో మన కండరాలు ఈ రెండవ మార్గాన్ని అనుసరిస్తాయి. ఆ లాక్టేట్‌ను కాలేయం స్వీకరించి తిరిగి గ్లూకోజుగా మారుస్తుంది. ఈ చక్రాన్ని వివరించిన కోరి దంపతులకు 1947లో నోబెల్ బహుమతి లభించినది.

అద్దె ఇంటిలో దుబారా

ఇప్పుడు మలేరియా క్రిమి దగ్గరకు వద్దాము. ఈ క్రిమిని మోసుకు వచ్చేది దోమ అని తేల్చిన పరిశోధనకు మన సికింద్రాబాదే వేదిక. 1897 ఆగస్టు 20వ తేదీన రొనాల్డ్ రాస్ అక్కడ ఒక దోమ పొట్టగోడలో మలేరియా క్రిమి ఆనవాళ్లను చూశారు. 1902లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చినది. బస్తర్ అడవులలో ఈ పని చేసే దోమలలో అనాఫిలిస్ క్యూలిసిఫేసిస్, అనాఫిలిస్ ఫ్లూవియాటిలిస్ ముఖ్యమైనవి. రెండవది మెల్లగా పారే కొండవాగులలో పెరుగుతుంది. మురుగుకాలువలు శుభ్రంగా ఉన్న కాలనీకి కూడా మలేరియా రావడానికి ఇది ఒక కారణం.

దోమకాటుతో ప్రవేశించిన క్రిమి మొదట కాలేయంలో పెరిగి, తరువాత ఎర్ర రక్తకణాలలో చొరబడుతుంది. ప్రమాదకరమైన ఫాల్సిపారం జాతి క్రిమి ఒక రక్తకణంలో సుమారు 48 గంటలు ఉండి, 16 నుంచి 32 పిల్లక్రిములుగా విభజన చెంది, కణాన్ని బద్దలు చేసుకుని బయటపడుతుంది. ఇంత వేగంగా పెరగడానికి కావలసిన శక్తినంతా అది దాదాపు పూర్తిగా ఆ రెండవ మార్గంలోనే, అనగా గ్లూకోజును లాక్టేట్‌గా మార్చే మార్గంలోనే సంపాదిస్తుంది. ఆ మార్గంలో లాభం తక్కువ గనుక సరుకు ఎక్కువ కావాలి. క్రిమి ఉన్న రక్తకణం, ఆరోగ్యకరమైన రక్తకణం కంటే 100 రెట్ల వరకు ఎక్కువ గ్లూకోజును ఖర్చు చేయగలదు. ఇల్లు అద్దెకు తీసుకుని, యజమాని ధాన్యాన్ని దుబారా చేసి, చెత్తను వాకిట్లో కుమ్మరించే అద్దెదారుని పోలిక దీనికి చక్కగా సరిపోతుంది.

మూడు గోడలు, మూడు వాకిళ్లు

ఈ చెత్త, అనగా లాక్టేట్ ఆనయాన్, రక్తంలోకి చేరాలంటే మూడు త్వచాలను దాటాలి. మొదటిది క్రిమి స్వంత త్వచం. రెండవది, రక్తకణంలో క్రిమి చుట్టూ ఏర్పడే సంచి త్వచం. మూడవది రక్తకణపు త్వచం.

చివరి నుంచి వస్తే, ఎర్ర రక్తకణానికి దాని స్వంత లాక్టేట్ వాకిలి ముందే ఉన్నది. పరిపక్వమైన ఎర్ర కణాలలో గ్లూకోజును పూర్తిగా దహించే మైటోకాండ్రియాలు లేవు. అవి కూడా లాక్టేట్ తయారు చేసుకునే బ్రతుకుతాయి. వాటి వాకిలి పేరు ఎం.సి.టి.1. అది ఒక లాక్టేట్‌ను ఒక ప్రోటాన్‌తో జతపరచి పంపుతుంది. క్రిమి ఈ వాకిలితోనే తృప్తిపడక, రక్తకణపు త్వచంలో కొత్త దారులు కూడా తెరిపిస్తుంది. ఆనయాన్లను ప్రత్యేకించి పోనిచ్చే అటువంటి ఒక మార్గాన్ని 2000 సంవత్సరంలో సంజయ్ దేశాయి, ఆయన సహచరులు విద్యుత్ ప్రవాహాన్ని కొలిచి నిరూపించారు. రెండవదైన సంచి త్వచంలో చిన్న అణువులు సులభంగా పోగల రంధ్రాలు ఉన్నాయి. కావున అసలు చిక్కు మొదటి త్వచం దగ్గరే.

ఆ మొదటి వాకిలి ఏదో చాలా కాలం తెలియలేదు. 2015లో ఆస్ట్రేలియా, జర్మనీ దేశాలకు చెందిన రెండు పరిశోధక బృందాలు వేర్వేరుగా దానిని గుర్తించాయి. అది ఎఫ్.ఎన్.టి. అనే వర్గానికి చెందిన ప్రోటీన్. ఈ వర్గం ప్రోటీన్లు బాక్టీరియాల వంటి సూక్ష్మజీవులలో ఫార్మేట్, నైట్రైట్ అనే చిన్న ఆనయాన్లను మోస్తాయి. ఫార్మేట్ అంటే బస్తర్ సంతలలో అమ్మే ఎర్రచీమల చట్నీకి పులుపునిచ్చే ఫార్మికామ్లపు ఆనయానే. 2021లో ఈ వాకిలి ఆకృతి కూడా వెల్లడైనది. ఒకే రకమైన ఐదు ప్రోటీన్లు ఒక కట్టగా నిలిచి ఉంటాయి. ఒక్కొక్కదాని మధ్యనుంచి ఒక్కొక్క దారి. ప్రతి లాక్టేట్‌తో పాటు ఒక ప్రోటాన్ కూడా వెళుతుంది గనుక ఒకే వాకిలిలో రెండు పనులు జరుగుతాయి: వ్యర్థం పోతుంది, ఆమ్లత్వమూ పోతుంది. ఆవేశాలు సరిసమానమై పోవడం వల్ల త్వచంపై ఉండే వోల్టేజికి కూడా భంగం కలుగదు. మన ఇంజనీర్లు అసూయపడదగిన పొదుపు ఇది!

వాకిలి మూస్తే

కన్వేయర్ల వరుసను మరొకసారి స్మరిద్దాము. చివరి బెల్టు ఆగితే ఏమి జరుగుతుందో మనకు తెలుసు. మెడిసిన్స్ ఫర్ మలేరియా వెంచర్ అనే సంస్థ పరిశోధకుల సౌకర్యార్థం 400 రసాయనాలను ఒక పెట్టెగా కూర్చి పంచిపెట్టినది. వాటిలో కొన్ని సరిగా ఈ వాకిలినే మూస్తున్నవని 2017లో తేలినది. వాకిలి మూసిన క్రిమిలో లాక్టేట్ పేరుకుపోయి, లోపల ఆమ్లత్వం పెరిగి, క్రిమి ఉబ్బి, చివరకు మరణించినది. క్రిమి తన వ్యర్థంలో తానే మునిగిపోయినదన్న మాట.

ఇందులో మరొక అనుకూలత కూడా ఉన్నది. ఎఫ్.ఎన్.టి. వర్గం వాకిళ్లు మానవ కణాలలో లేవు. మన లాక్టేట్ వాకిళ్ల నిర్మాణమే వేరు. అందువల్ల మనకు హాని లేకుండా క్రిమి వాకిలిని మాత్రమే మూసే మందు సాధ్యమనే ఆశ కలుగుతున్నది. అయితే ఆశను అవసరానికి మించి పెంచుకోరాదు. ఈ రసాయనాలతో పెంచిన కొన్ని క్రిములలో వాకిలి ప్రోటీన్ 107వ స్థానంలో గ్లైసీన్‌కు బదులు సెరీన్ చేరి, మందు పట్టు సడలినది. ఒక్క అక్షరం మార్చి తాళం మార్చుకోగల శత్రువు ఇది. ఈ మార్గంలో మందు ఇంకా రోగి చేతికి రాలేదు, పరిశోధన కొనసాగుతున్నది. అంతవరకు వైద్యులు ఇప్పుడు ఇస్తున్న మందులే మనకు రక్ష. వాటిని సగంలో మానివేయడం క్రిమికి తాళం మార్చుకునే వ్యవధి ఇవ్వడమే.

పారబోసినది ఎవరి వాకిట్లో?

క్రిమి పారబోసిన లాక్టేట్ మాయమైపోదు. అది రోగి రక్తంలోనే చేరుతుంది. విశ్రాంతిగా ఉన్న ఆరోగ్యవంతుని రక్తంలో లాక్టేట్ లీటరుకు 2 మిల్లీమోల్స్ లోపే ఉంటుంది. కాలేయం దానిని ఎప్పటికప్పుడు సర్దుబాటు చేస్తుంది. తీవ్రమైన ఫాల్సిపారం మలేరియాలో ఈ సమతౌల్యం తప్పుతుంది. ఒకవైపు కోట్లాది క్రిములు లాక్టేట్ కుమ్మరిస్తాయి. మరొకవైపు, క్రిమి ఉన్న రక్తకణాలు సన్నని రక్తనాళాల గోడలకు అంటుకుని దారి మూయడం వల్ల ఆక్సిజన్ అందని మన కణాలు కూడా లాక్టేట్ తయారు చేయవలసి వస్తుంది. లీటరుకు 5 మిల్లీమోల్స్ స్థాయికి చేరితే దానిని తీవ్ర మలేరియా లక్షణంగా ప్రపంచ ఆరోగ్య సంస్థ పరిగణిస్తున్నది. అదే సమయంలో రక్తంలోని గ్లూకోజు పడిపోవడం కూడా ముఖ్యంగా చిన్నపిల్లలలో, గర్భిణులలో కనిపిస్తుంది.

రక్తం ఆమ్లమయమైనప్పుడు శరీరం బొగ్గుపులుసు వాయువును ఎక్కువగా వదలి ఆ ఆమ్లాన్ని తగ్గించుకోవడానికి ప్రయత్నిస్తుంది. అందుకే బిడ్డ లోతుగా, వేగంగా ఊపిరి తీస్తాడు. దగ్గు, జలుబు లేకుండానే ఆయాసం వస్తే, మగతగా ఉంటే, పాలు త్రాగలేకపోతే, ఫిట్స్ వస్తే అది "జ్వర తీవ్రత" అని ఇంట్లో సరిపెట్టుకోదగిన విషయం కాదు. ఆ ఆయాసం ఊపిరితిత్తులలో పుట్టినది కాకపోవచ్చు, లాక్టేట్ చెబుతున్న కబురు కావచ్చు. అటువంటప్పుడు తెల్లవారే వరకు ఆగడం తగదు.

పరీక్షలో కనిపించే గీత

వేలికొన నుంచి ఒక్క చుక్క రక్తం తీసి, పావుగంట, ఇరవై నిమిషాలలో ఫలితం చెప్పే పట్టీ పరీక్ష మన పాఠకులలో చాలామందికి పరిచితమే. మన దేశంలో వాడుతున్న రెండు గీతల పట్టీలో ఒకటి ఫాల్సిపారం క్రిమి విడుదల చేసే ఒక ప్రోటీన్‌ను పట్టి చూపుతుంది. వైవాక్స్ జాతిని సూచించే గీత పట్టుకునేది లాక్టేట్ డీహైడ్రోజినేజ్ అనే ఎంజైమును. క్రిమి శరీరంలో లాక్టేట్‌ను తయారుచేసే యంత్రమే అది! దొంగ వంటింటి పొగను బట్టి దొంగను పట్టుకోవడం వంటిది. క్రిమి చనిపోతే ఈ ఎంజైము త్వరగా తొలగిపోతుంది. ఫాల్సిపారం ప్రోటీన్ మాత్రం చికిత్స తరువాత కూడా కొన్ని వారాలు రక్తంలో నిలువవచ్చును. కావున మందులు పూర్తయిన తరువాత కూడా గీత కనిపిస్తే కంగారుపడక వైద్యుని అడిగి తెలుసుకోవాలి.

2020 జనవరిలో ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం "మలేరియా ముక్త్ బస్తర్ అభియాన్" ప్రారంభించినది. ఆరోగ్య కార్యకర్తలు అడవులు, వాగులు దాటి, జ్వరం ఉన్నదా లేదా అని చూడకుండా ఇంటింటా ఈ పరీక్ష చేశారు. తొలి విడతలో సుమారు 14 లక్షల మందిని పరీక్షించగా 64 వేల మందికి పైగా క్రిమి బయటపడినది. వారిలో సగానికి మించినవారికి ఏ లక్షణాలూ లేవు. చిన్ననాటి నుంచి మరల మరల క్రిమికి గురైన వారి శరీరం దానిని పూర్తిగా తొలగించలేకపోయినా అదుపులో ఉంచడం నేర్చుకుంటుంది. కాని వారిని కుట్టిన దోమ మరొకరిని కుడుతుంది. ఆ మరొకరు కోస్తా జిల్లాల నుంచో, హైదరాబాదు నుంచో కొత్తగా వచ్చిన ఉద్యోగి భార్య కావచ్చు, సెలవులకు వచ్చిన మనుమడు కావచ్చు. వారికి ఆ రక్షణ లేదు. అందువల్ల పరీక్షకు వచ్చిన కార్యకర్తతో "మాకు జ్వరం లేదు" అని తలుపు వేయడం పొరుగువారికి అన్యాయం చేయడమే అవుతుంది.

మరొక ముఖ్య విషయం. కిరండూల్, బచేలిల నుంచి పండుగకు, పెళ్లికి కె.కె. లైను మీదుగా విశాఖపట్నం చేరేవారు తమతో పాటు క్రిమిని కూడా తీసుకువెళ్లవచ్చును. ఫాల్సిపారం జ్వరం సాధారణంగా దోమ కుట్టిన ఒకటి రెండు వారాలకు బయటపడుతుంది. వైవాక్స్ అయితే కాలేయంలో నిద్రాణంగా ఉండి నెలల తరువాత కూడా లేవవచ్చును. అందుకే దానికి 14 రోజుల ప్రత్యేక చికిత్స ఇస్తారు. మలేరియా అరుదైన ఊరిలోని వైద్యునికి మొదట టైఫాయిడ్, డెంగ్యూ వంటివి తోచడం సహజం. "మేము బస్తర్ నుంచి వచ్చాము" అనే నాలుగు మాటలు ముందుగా చెబితే, ఆ ఒక్క చుక్క రక్తం పరీక్ష అదే రోజు జరుగుతుంది. క్రిమి ప్రతి 48 గంటలకు తన సంఖ్యను రెట్లలో పెంచుకునే చోట ఒక రోజు ఆదా కావడం సామాన్యమైన విషయం కాదు.

మిల్లీమీటరులో 2 లక్షలవ వంతు మందం గల గోడలో, ఒక చిన్న వాకిలి దగ్గర క్రిమి బ్రతుకు, మన బ్రతుకు రెండూ ముడిపడి ఉన్నాయి. ఆ వాకిలికి తాళం వేసే పని శాస్త్రజ్ఞులది. జ్వరం వచ్చిన రోజే పరీక్ష చేయించడం, ఇచ్చిన మందును చివరి మాత్ర వరకు వేసుకోవడం, దోమతెరను బీరువాలో గాక మంచంపై ఉంచడం మనందరి పని. పాఠక సోదర సోదరీమణులు ఈ పేజీని ఇంట్లో అందరిచేత చదివించి, బస్తర్‌కు బదిలీపై వెళుతున్న మిత్రులకు కూడా చూపగలరని ఆశిస్తున్నాము.